జపాన్‌లో ఒక ఊరి మ్యూజియాన్ని చూడటం ఎలా

జపాన్‌లో ఒక మోస్తరు పట్టణానికి వెళ్ళి పటంలో వెతికితే, పురపాలక కార్యాలయానికో గ్రంథాలయానికో దగ్గరలో "క్యోదో షిర్యోకాన్" అనో "రెకిషి మిన్‌జోకు షిర్యోకాన్" అనో పేరున్న భవనం ఒకటి తరచుగా కనిపిస్తుంది. క్యోదో అంటే పుట్టి పెరిగిన నేల, రెకిషి అంటే చరిత్ర, మిన్‌జోకు అంటే సామాన్య ప్రజల ఆచార వ్యవహారాలు, షిర్యోకాన్ అంటే వీటన్నిటికీ ఆధారమైన సామగ్రిని దాచి ఉంచిన ఇల్లు. పర్యాటకుల్లో చాలామంది టోక్యో, క్యోటో నగరాల్లోని పెద్ద జాతీయ మ్యూజియాలు చూసి, ఇటువంటివాటి ముందునుంచి బస్సులో సాగిపోతారు. పొరపాటున లోపలికి వెళ్ళినవారు కూడా నాగళ్ళు, కుండలు, గడ్డి చెప్పులు చూసి పది నిమిషాల్లో బయటకు వస్తారు. తప్పు వారిది కాదు. పెద్ద మ్యూజియాన్ని చూసే పద్ధతిలో చిన్నదాన్ని చూడబోతే అక్కడ చూడవలసినదేమీ లేనట్టే తోస్తుంది. పెద్ద మ్యూజియంలో అపురూపమైన వస్తువు కోసం వెతుకుతాం, ఇక్కడ మాత్రం ఒక లోయ, ఒక నది, ఒక తీరం తన మనుషులను ఎలా బతికించిందో తెలుసుకోవాలి. వెళ్ళే ముందు చేసుకోవలసిన ఏర్పాట్లు, లోపల చూసే తీరు ఈ తేడాను బట్టే ఉంటాయి.

ఈ మ్యూజియాలు ఎందుకు వెలిశాయో తెలిస్తే వాటిలోని వస్తువులు కూడా అర్థమవుతాయి. ఈ విషయంలో తొలి పేరు షిబుసావా కెయిజోది. తరువాతి కాలంలో జపాన్ కేంద్ర బ్యాంకు గవర్నరుగా, ఆర్థికమంత్రిగా పనిచేసిన ఈయన 1921లో టోక్యోలోని తన ఇంటి అటక మీద సేకరణలు పేర్చడం మొదలుపెట్టి, దానికి "అటక మ్యూజియం" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. సామాన్యుల నిత్యజీవితంలోని పనిముట్లకు "మింగు" అనే మాటను వాడుకలోకి తెచ్చినది కూడా ఆయనే. ఆ మాట తెలుగు చెవికి నవ్వు తెప్పించవచ్చు గానీ, మ్యూజియాల పలకల మీద అది పదే పదే ఎదురవుతుంది కనుక గుర్తుపెట్టుకోవడం మంచిది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆర్థికవ్యవస్థ శరవేగంగా ఎదిగిన దశాబ్దాల్లో, యువతరం నగరాలకు తరలిపోవడం, గడ్డికప్పు ఇళ్ళు కూలిపోవడం, యంత్రాలు రాగానే పాత పనిముట్లు చెత్తకుప్పకు చేరడం దాదాపు ఒకేసారి జరిగాయి. పారవేయబోయే వస్తువులను ఊరివాళ్ళే తెచ్చి ఇస్తుంటే, వాటిని భద్రపరచడానికి పురపాలక సంఘాలు భవనాలు కట్టుకున్నాయి, 1970ల నుంచి కేంద్ర సాంస్కృతిక శాఖ వాటికి నిధులు సమకూర్చింది. అందుకే ఒకే రకం నూర్పిడి యంత్రం ప్రతి ఊరిలోనూ కనిపిస్తుంది. అది ఏ ఇంటి కొట్టంలోంచి వచ్చిందో తెలిపే చిన్న చీటీ మాత్రం ఏ రెండు ఊళ్ళలోనూ ఒకటి కాదు.

ఏది ఎంచుకోవాలి

మొదటిసారి వెళ్ళేవారికి నా సలహా, ముందు ఒక పెద్దదాన్ని చూసి తరువాత ఒక చిన్నదాన్ని చూడమని. చీబా ప్రాంతంలోని సకురా పట్టణంలో పాత కోట ఉన్న చోట కట్టిన జాతీయ చరిత్ర, జానపద మ్యూజియం 1983లో సందర్శకులకు తెరుచుకుంది. దీన్ని ముద్దుగా రెకిహకు అంటారు. కెయిసెయి సకురా స్టేషను నుంచి అక్కడికి పావుగంట నడక. రాతియుగం నుంచి ఆధునికకాలం దాకా జపాన్ చరిత్రను వరుస గదుల్లో చూపే ఈ మ్యూజియంలో జానపద సంస్కృతికి ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. దేశమంతటి చిత్రం ఇక్కడ ఒకసారి మనసుకు ఎక్కిందంటే, ఆ తరువాత ఏ ఊరి మ్యూజియానికి వెళ్ళినా "ఇది అన్నిచోట్లా ఉన్నదే, ఇది ఇక్కడిది మాత్రమే" అని విడదీసి చూడగలుగుతాం.

ఇళ్ళ మీద ఆసక్తి ఉన్నవారు ఆరుబయటి మ్యూజియాలను ఎంచుకోవాలి. టోక్యో పక్కనే కవసాకిలో 1967లో మొదలైన నిహోన్ మింకాయెన్‌లో, వివిధ ప్రాంతాల నుంచి విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన పాత ఇళ్ళు, కట్టడాలు 20కి పైగా ఉన్నాయి. తకయామా దగ్గరి హిదా నో సాతో కూడా ఇదే కోవకు చెందినది. కథల మీద మక్కువ ఉన్నవారికి ఇవాతె ప్రాంతంలోని తోనో పట్టణాన్ని మించినది లేదు. అకితా ప్రాంతంలోని ఓగా ద్వీపకల్పంలో ఉన్న నమహగె మ్యూజియం ఒకే ఒక ఆచారానికి అంకితమైనది. డిసెంబరు 31 రాత్రి గడ్డి దుస్తులు, భయంకరమైన ముఖాలు ధరించి ఇంటింటికీ వచ్చి, "ఏడ్చే పిల్లలెవరు? సోమరులెవరు?" అని గద్దించే దైవాల ముసుగులు అక్కడ 150కి పైగా వరుసగా నిలబడి ఉంటాయి. పేటకొక రకంగా ఉండే ఆ ముఖాలను పోల్చి చూసుకుంటూ పోతే గంట ఇట్టే గడిచిపోతుంది. జపాన్ ఆదివాసులైన ఐను జాతివారి జీవితం తెలుసుకోవాలంటే ఉత్తరాన ఉన్న హొక్కాయిదో దీవిలోని షిరావొయిలో 2020లో తెరిచిన జాతీయ ఐను మ్యూజియానికి వెళ్ళవచ్చు.

రోజు, వేళ, ఖర్చు

సోమవారం వెళ్ళకండి. జపాన్ మ్యూజియాల్లో అత్యధికం సోమవారం మూసి ఉంటాయి. సోమవారం ప్రభుత్వ సెలవు పడితే ఆ రోజు తెరిచి, దానికి బదులు మంగళవారం మూస్తారు. ఈ రెండవ నియమం తెలియక నేను ఒక కొండ ఊరిలో మంగళవారం ఉదయం తాళం వేసిన తలుపు ముందు నిలబడ్డాను, తిరుగు బస్సు మూడు గంటల తరువాత గాని లేదు. సంవత్సరాంతంలో, అంటే డిసెంబరు చివరి రోజుల నుంచి జనవరి మొదటి రోజుల దాకా, దాదాపు అన్నీ మూసి ఉంటాయి. గడ్డి, గుడ్డ, కొయ్య వస్తువులకు పురుగు పట్టకుండా మందు పొగ పెట్టడానికి కొన్ని మ్యూజియాలు ఏడాదిలో కొద్దిరోజులు ప్రత్యేకంగా మూస్తారు. ఉత్తర ప్రాంతాల్లో మంచు ఎక్కువగా పడే చోట కొన్ని శీతాకాలమంతా తెరవరు. కాబట్టి బయలుదేరే ముందు ఆ ఊరి పురపాలక వెబ్‌సైటులో సెలవు రోజుల పట్టికను చూసుకోవడం తప్పనిసరి. మూసే వేళకు అరగంట ముందే ప్రవేశం ఆపివేయడం అక్కడి ఆనవాయితీ, కనుక అయిదింటికి మూసేదానికి నాలుగున్నర తరువాత చేరితే ప్రయోజనం లేదు.

ఖర్చు గురించి పెద్దగా ఆలోచించనక్కరలేదు. 1951 నాటి మ్యూజియం చట్టం ప్రకారం ప్రభుత్వ మ్యూజియాలు ప్రవేశ రుసుము తీసుకోకూడదు. నిర్వహణకు తప్పనిసరి అయితే తీసుకోవచ్చని అదే చట్టం వెసులుబాటు ఇచ్చింది. అందువల్ల చిన్న ఊళ్ళలో చాలావాటికి ప్రవేశం ఉచితం, రుసుము ఉన్నచోట కూడా తరచుగా కొన్ని వందల యెన్‌లతో సరిపోతుంది. కార్డు చెల్లదనే అనుకుని చిల్లర నాణేలు దగ్గర ఉంచుకోండి. నవంబరు 3న, సంస్కృతి దినం నాడు, రుసుము తీసుకునేవి కూడా కొన్ని ఉచితంగా తెరుస్తాయి. ఊరిలో రెండు మూడు చోట్లకు కలిపి ఒకే టికెట్టు ఇచ్చే పద్ధతి కూడా ఉంది, విడిగా కొనే ముందు అడిగి చూడండి.

జనవరి నుంచి మార్చి దాకా అనేక ఊరి మ్యూజియాల్లో "పాతకాలపు బతుకు" అనే అర్థం వచ్చే ప్రదర్శనలు ఏర్పాటు చేస్తారు, ఎందుకంటే ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఆ నెలల్లోనే ఈ పాఠం ఉంటుంది. పిల్లల కోసం పెట్టినది కనుక పలకల మీద తేలిక భాష, వాడిచూపే బొమ్మలు, కొన్నిచోట్ల చేతితో ముట్టుకోనిచ్చే వస్తువులు ఉంటాయి. భాష రాని విదేశీయుడికి ఇంతకన్నా అనువైన కాలం లేదు. బడిపిల్లల గుంపు వస్తే గది కిక్కిరుస్తుంది, అయినా తప్పుకోకుండా వెనక నిలబడి చూడండి. వారికి మార్గదర్శకుడు చేసి చూపించే పని మీకు కూడా అర్థమవుతుంది.

చేరుకోవడం, లోపలికి అడుగుపెట్టడం

పల్లె బస్సుల్లో తరచుగా వెనక తలుపు గుండా ఎక్కి, యంత్రం నుంచి అంకె ఉన్న చిన్న చీటీ తీసుకుని, దిగేటప్పుడు ముందున్న పలకలో ఆ అంకె కింద కనిపించే మొత్తాన్ని చెల్లించాలి. రోజుకు నాలుగైదు బస్సులే ఉండే దారుల్లో ఆదివారం ఆ సంఖ్య ఇంకా తగ్గుతుంది. అందుచేత వెళ్ళే బస్సుకన్నా ముందు తిరుగు బస్సు వేళను చూసి రాసుకోండి. స్టేషను దగ్గర అద్దె సైకిళ్ళు దొరికితే వాటిని మించిన సాధనం లేదు, ఎందుకో చివరలో చెబుతాను.

లోపల సంచిని పెట్టెలో ఉంచి తాళం వేసుకోవడానికి 100 యెన్‌ల నాణెం అడుగుతుంది, చాలాచోట్ల తీసేటప్పుడు అది తిరిగి వస్తుంది. పాత ఇళ్ళలోకి చెప్పులు విడిచే వెళ్ళాలి. శీతాకాలంలో ఆ కొయ్య నేల ఎముకలు కొరికేంత చల్లగా ఉంటుంది కాబట్టి మందపాటి మేజోళ్ళు వేసుకోండి. చాప పరచిన గదుల గడపల మీద, చాపల అంచు గుడ్డల మీద కాలు మోపకుండా దాటడం మర్యాద. రాసుకోవాలనుకుంటే పెన్నుకు బదులు పెన్సిలు తీసుకెళ్ళండి, ప్రదర్శన గదుల్లో సిరాను అనుమతించని చోట్లు ఉన్నాయి. కెమెరా బొమ్మ మీద అడ్డగీత ఉంటే ఫోటో నిషిద్ధమని అర్థం, దానిని "సత్సుఎయి కిన్షి" అంటారు. ఒకే మ్యూజియంలో ఒక గదిలో అనుమతి ఉండి పక్క గదిలో లేకపోవచ్చు. ఫోనులోని కెమెరాతో పలకలను అనువదించుకోవడం కూడా వారి దృష్టిలో ఫోటో తీయడంలాగే కనిపిస్తుంది కనుక, ముందే ఒకమాట అడగడం మేలు. "షషిన్ ఓ తొత్తెమో ఈ దెస్ కా" అంటే "ఫోటో తీయవచ్చా" అని అర్థం.

లోపల ఎలా చూడాలి

మొదటి వస్తువు దగ్గరికి వెళ్ళకముందు గదిలో ఎక్కడో ఒకచోట ఉండే భూతలపు నమూనాను, లేదంటే గోడమీది పటాన్ని వెతకండి. కొండలు ఎక్కడ ఉన్నాయి, నది ఎటు పారుతుంది, సముద్రం ఎంత దూరం, పాత రహదారి ఎటునుంచి వచ్చింది అనే నాలుగు సంగతులు చూసుకుంటే తరువాతి గదులన్నీ వాటంతట అవే విడిపోతాయి. నీరు తక్కువైన మెట్టనేల అయితే మల్బరీ, పట్టుపురుగులు వస్తాయని, మంచు దిబ్బలు పేరుకునే లోయ అయితే ఇంటి వాలు నిటారుగా ఉంటుందని, తీరమైతే వలలు, ఉప్పు బట్టీలు ఉంటాయని ఊహించుకుని, ఆ ఊహ నిజమో కాదో చూసుకుంటూ నడవండి. షిరకవాగో ప్రాంతపు ఎత్తయిన గడ్డికప్పు ఇళ్ళను చూసి అందరూ కప్పు అందాన్నే మెచ్చుకుంటారు గానీ, ఆ కప్పు కింది అంతస్తులు పట్టుపురుగుల పెంపకానికి ఉపయోగపడ్డాయి.

వస్తువుల్లో మన పల్లెలు ఎరిగినవి చాలా ఉంటాయి, అక్కడే ఆగండి. కళ్ళంలో ధాన్యాన్ని గాలికి తూర్పారబట్టడం మనకు తెలుసు. జపాన్ రైతులు "తోమి" అనే కొయ్యపెట్టెలో చేతితో తిప్పే రెక్కల ద్వారా ఆ గాలిని పుట్టించుకున్నారు. చైనా నుంచి వచ్చిన ఈ యంత్రం "ఎదో" అని పిలిచే చారిత్రక యుగంలో (1603–1868) వ్యాపించింది. దాని పక్కనే ఇనుప పళ్ళ దువ్వెనలాంటి "సెంబకొకి" ఉంటుంది, వరి పనలను దాని పళ్ళ మధ్యనుంచి లాగితే గింజలు రాలుతాయి. అంతకుముందు రెండు పుల్లల మధ్య కంకిని ఇరికించి గింజలు రాల్చే పని వితంతువులకు కూలీ ఇచ్చేదట. దువ్వెన వచ్చి ఆ కూలిని ఊడబెరకడంతో దానికి "వితంతువులను పడగొట్టేది" అనే మారుపేరు వచ్చింది. ఆ తరువాత ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో కాలితో తొక్కి తిప్పే నూర్పిడి యంత్రం వచ్చింది. ఈ మూడూ ఒకే గోడకు వరుసగా ఉంటే, ఒక ఇంటి శరదృతువు ఎన్ని రోజులకు కుంచించుకుపోయిందో ఆలోచించండి.

ప్రతి పనిముట్టు మీదా అరిగిన చోటును వెతకడం నాకు అలవాటు. నాగలి పిడి ఏ వైపు నునుపెక్కిందో, గడ్డపార ఎన్నిసార్లు కొత్త ఇనుము అతుకు వేయించుకుందో, పొయ్యి మీద దూలం నుంచి వేలాడే "జిజాయికగి" కొక్కెం ఎంత నల్లబడిందో పలక మీద రాసి ఉండదు. నేలలో చదరంగా తవ్వి కట్టిన "ఇరొరి" పొయ్యి దగ్గర కొంచెంసేపు నిలబడండి. పొగగొట్టం లేని ఆ ఇంట్లో పొగ పైకి పోయి గడ్డికప్పును, తాళ్ళను పురుగు పట్టకుండా కాపాడేది. కవసాకిలో స్వచ్ఛంద కార్యకర్తలు కొన్ని ఇళ్ళలో నేటికీ నిప్పు రాజేయడానికి కారణం కూడా ఇదే. ఆ పొగ వాసన బట్టలకు పట్టి సాయంత్రం దాకా వదలదు.

ఆచారాలకు సంబంధించిన గదిలో వస్తువు పక్కన కథ కూడా ఉంటుంది, కథ తెలియకపోతే వస్తువు మూగది. తోనో మ్యూజియంలో, దాని చుట్టుపక్కల, "ఒషిరసమా" అనే జంట దేవతలను చూస్తారు. మల్బరీ కొయ్యతో చేసిన ఈ పుల్లల్లో ఒకదానికి గుర్రం తల, ఒకదానికి అమ్మాయి ముఖం ఉంటాయి, వాటి మీద ఏటేటా కొత్త గుడ్డ తొడుగుతూ పోతారు. ఒక రైతు కూతురు ఇంటి గుర్రాన్ని ప్రేమించిందని, తండ్రి కోపించి ఆ గుర్రాన్ని మల్బరీ చెట్టుకు ఉరివేశాడని, ఆమె గుర్రం తలతో పాటే ఆకాశానికి ఎగిరిపోయిందని కథ. గుర్రాలను, మనుషులను ఒకే కప్పు కింద ఉంచే అక్కడి వంకర ఇళ్ళను, "మగరియా"లను, చూశాక ఈ కథ వింతగా అనిపించదు. ప్రభుత్వ అధికారి యనగితా కునియో, ఆ ఊరి యువకుడు ససకి కిజెన్ చెప్పిన కథలను విని 1910లో "తోనో మొనొగతరి"గా అచ్చువేయడంతో జపాన్ జానపద అధ్యయనానికి పునాది పడింది. ఏటిలో పొంచి ఉండే "కప్పా" అనే నీటిదయ్యం, ఇంట్లో ఉన్నంతకాలం సంపదను ఇచ్చే జషికి వరషి అనే పిల్లదయ్యం ఆ కథల్లోనివే.

సంవత్సరాలు, కొలతలు

పలకల మీద పాశ్చాత్య సంవత్సరం లేకుండా చక్రవర్తుల శకం మాత్రమే ఉండటం సాధారణం. మెయిజీ సంవత్సరానికి 1867, తైషోకు 1911, షోవాకు 1925, హెయిసెయికి 1988, రెయివాకు 2018 కలిపితే సాధారణ సంవత్సరం వస్తుంది. షోవా 12 అంటే 1937 అన్నమాట. యంత్రాల పక్కపలకల మీద సిరాతో రాసిన శకం, కొన్న ఇంటివారి పేరు తరచుగా కనిపిస్తాయి, వంగి చూడండి. గ్రామాల పరిమాణాన్ని "కొకు" లెక్కలో చెబుతారు. ఒక కొకు సుమారు 180 లీటర్ల బియ్యం, ఒక మనిషికి ఏడాది పొడవునా సరిపోతుందని వారి లెక్క. "మా ఊరు 300 కొకులు" అంటే పొలం ఎంతమందిని పోషించగలదో, పన్ను దేనిమీద వేశారో ఒక్క ముక్కలో తెలుస్తుంది. తెన్‌పో శకం, అంటే 1830ల కాలపు కరువు గురించి పత్రాలు ఉంటే, ఈ అంకెను మనసులో పెట్టుకుని చదవండి.

సముద్రతీరపు మ్యూజియాల్లో తేదీలు మరింత బరువైనవి. ఈశాన్య జపాన్‌లోని సన్‌రికు తీరంలో 1896, 1933, 2011 సునామీలు మళ్ళీ మళ్ళీ ప్రస్తావనకు వస్తాయి. 2011లో రికుజెన్‌తకతా నగర మ్యూజియం నీట మునిగి, అక్కడి ఉద్యోగులను కూడా కోల్పోయింది. బురదలోంచి ఏరిన వస్తువులను ఏళ్ళ తరబడి ఉప్పు తొలగిస్తూ శుభ్రపరచి, 2022 నవంబరులో కొత్త భవనంలో మళ్ళీ తెరిచారు. అక్కడ వస్తువుతో పాటు దాన్ని బాగుచేసిన తీరును కూడా చూపిస్తారు, ఆ విభాగానికి ఎక్కువ సమయం ఉంచుకోండి.

మాట్లాడటం, ఆ తరువాత బయటకు

చిన్న మ్యూజియంలో ప్రవేశద్వారం దగ్గర కూర్చున్న వ్యక్తి టికెట్లు ఇచ్చే ఉద్యోగి మాత్రమే కాకపోవచ్చు. అర్హత పొందిన క్యూరేటరు, "గకుగెయిఇన్", పక్కగదిలో పని చేస్తూ ఉండవచ్చు, లేదా పదవీ విరమణ చేసిన ఊరి పెద్దమనిషి స్వచ్ఛందంగా కూర్చుని ఉండవచ్చు. ఒక వస్తువును చూపి "కొరె వా నాని ని త్సుకాయిమాస్ కా", అంటే "దీన్ని దేనికి వాడతారు" అని అడిగితే చాలు. మాటలు సగమే అర్థమైనా చేతులతో చేసి చూపుతారు. వేలెత్తి చూపడానికి బదులు అరచేయి తెరిచి చూపడం, మొదట "సుమిమసెన్" అని పలకరించడం మరిచిపోకండి. సందర్శకుల పుస్తకం ఉంటే తెలుగులోనే నాలుగు మాటలు రాయండి, వారు సంతోషిస్తారు.

వెళ్ళేముందు ఊరి పటం ఒకటి అడిగి తీసుకోండి. పాత రహదారి, కాలువ, గుడి, రాతి విగ్రహాలు గుర్తించిన నడక పటాలు అక్కడ దొరకడం మామూలే. లోపల చూసిన వాటిలో సగం ఇంకా బయట ఉన్నాయి, సైకిలు అవసరమని అందుకే అన్నాను. కూడలిలో మూడు కోతులు చెక్కిన రాయి కనిపిస్తే అది కోషిన్ విశ్వాసానికి గుర్తు. అరవై రోజులకు ఒకసారి వచ్చే కోషిన్ రాత్రి నిద్రపోతే, ఒంట్లోని మూడు పురుగులు పైకి పోయి మన తప్పులను దైవానికి చెబుతాయని నమ్మి, ఊరివారంతా ఒకచోట చేరి తెల్లవార్లూ మేలుకునేవారు. రాతి పక్కన చెక్కిన శకం పేరు, అంకె చదివి, లోపల నేర్చుకున్న లెక్కతో సంవత్సరం కట్టి చూడండి. మెయిజీకి ముందువాటిలో శకాలు కొన్నేళ్ళకే మారిపోతాయి కాబట్టి ఫోటో తీసి తరువాత చూసుకోవడమే నయం. చీకటి పడకముందే బస్సు స్తంభం దగ్గరికి చేరండి, పల్లెల్లో ఆఖరి బస్సు సాయంత్రం అయిదింటికే వెళ్ళిపోతూ ఉంటుంది.